కమురు గురువారం

నేను ఏథెన్స్‌లో దిగింది 2024 మార్చి 7న, గురువారం. మా ఇంట్లో గురువారాలు నీచు ముట్టం. అమ్మ ఎప్పుడో బాబాకు మొక్కుకుంది, ఆ మొక్కు నా దాకా వచ్చింది. పైగా మర్నాడు మహాశివరాత్రి. విమానం ఎక్కేముందే అమ్మ రెండుసార్లు గుర్తు చేసింది.

మొనాస్తిరాకి మెట్రో స్టేషన్ నుంచి అథినాస్ వీధిలోకి తిరిగానో లేదో, ఒకటే పొగ. వర్వాకియోస్ మాంసం మార్కెట్ దగ్గర కొట్లవాళ్లే బొగ్గుల పొయ్యిలు బయట పెట్టేశారు. గొర్రెపిల్ల పక్కటెముకలు, సాసేజీలు, పుల్లలకు గుచ్చిన పంది మాంసం. కొవ్వు నిప్పుల మీద పడి చుయ్యిమంటోంది. నెత్తిన రంగురంగుల విగ్గులు పెట్టుకున్న జనం నిలబడే లాగించేస్తున్నారు.

గది అద్దెకిచ్చిన పెద్దావిడ "ఇవాళ త్సిక్నోపెంప్తి" అంది. పెంప్తి అంటే గురువారం. త్సిక్నా అంటే మాంసం, కొవ్వు కాలేటప్పుడు వచ్చే వాసన. దానికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాటే ఉంది, కమురు. కమురు గురువారం! ఏడాదిలో అన్ని గురువారాలుంటే నాకు ఇదే దొరికింది.

గురువారమే ఎందుకంటే దానికో లెక్క ఉంది. ఈస్టర్‌కు ముందు 48 రోజులు ఉపవాసం. ఆ ఉపవాసానికి ముందు మూడు వారాలు అపోక్రియేస్, అంటే మాంసానికి సెలవు చెప్పే రోజులు. వాటిలో నడిమి వారంలో బుధ, శుక్రవారాలు మామూలు ఉపవాసాలే. మధ్యలో దొరికేది గురువారం, కాబట్టి తినేదంతా ఆరోజే. రేపు శ్రావణం అనగా మన చికెన్ షాపుల ముందు లైను ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

రాత్రి ఆవిడ తన కుటుంబంతోపాటు నన్నూ ప్సిరి పేటలోని తవెర్నాకు, అంటే చిన్న భోజన హోటలుకు, తీసుకెళ్లింది. నేను మాంసం తిననని చెప్పగానే బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. "చికెన్ కూడానా?" అన్నాడు అల్లుడు. గురువారాల సంగతి చెప్పి, రేపు కూడా మాకు ఉపవాసమేనన్నాను. "రేపు మాకూ ఉపవాసమే కదా, అందుకే ఇవాళ తినమంటున్నా, పెధీ ము" అంది ఆవిడ. పెధీ ము అంటే నా బిడ్డా అని. ఆ పిలుపుకు కాస్త మెత్తబడ్డాను గానీ లొంగలేదు. నిమ్మకాయ పిండిన వేడి వేడి చీజ్ వేపుడు, వెల్లుల్లి, కీరా వేసిన పెరుగు, బంగాళదుంపలతో కడుపు నింపుకున్నాను. వైన్ మాత్రం అక్కడ కిలోల లెక్కన అడుగుతారు. "అర కిలో ఎర్రది" అని అల్లుడు కేకేస్తుంటే కూరగాయల బజారులో ఉన్నట్టనిపించింది.

తర్వాతి వారం నాఫ్‌ప్లియో అనే ఊరు తిరిగొచ్చాను. పాత్రాస్ ఊళ్లో జరిగే వేషాల జాతర, కార్నివాల్‌కు వెళ్లమని కనిపించినవాళ్లల్లా చెప్పారు. వెళ్లలేదు, తోపులాట నాకు పడదు. మాంసం ఆపేశాక ఒక వారం చీజ్, పాలు, గుడ్లు ఉంటాయి. దాని చివరి ఆదివారం రాత్రి పెద్దావిడ ఇంట్లో ఆఖరి ముద్ద ఉడికించిన గుడ్డు. గుడ్డుతో మూసిన నోరు మళ్లీ ఈస్టర్ రోజు ఎర్ర రంగు వేసిన గుడ్డుతోనే తెరుస్తారట.

మార్చి 18, శుభ్ర సోమవారం, ఉపవాసం మొదలయ్యే రోజు. అక్రోపోలిస్ ఎదురుగా ఫిలోపాపూ గుట్ట మీద ఊరంతా గాలిపటాలే. మనకు సంక్రాంతికి ఎలాగో అలాగ. గాలిపటాన్ని వాళ్లు కాగితపు గద్ద అంటారు. సగం గద్దలు పైన్ చెట్లకే చిక్కుకున్నాయి. దుప్పటి పరిచి పెద్దావిడ సంచి విప్పింది. ఆరోజు కోసమే కాల్చే లగానా అనే నువ్వుల రొట్టె, ఆలివ్‌లు, పెద్ద చిక్కుళ్లు, నువ్వుల హల్వా. ఇంతవరకూ బానే ఉంది. తర్వాత రొయ్యలు వచ్చాయి, ఆక్టోపస్ వచ్చింది.

"ఉపవాసం కదండీ?"

రక్తం లేని జీవాలు కాబట్టి తప్పులేదట. చేప తినకూడదు గానీ చేప గుడ్లు నూరిన తరమా పచ్చడి తినొచ్చు. రొయ్యలు లాగించి, కాస్త పెరుగుందా అని అడిగాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. ఉపవాసంలో పెరుగా! మనం ఉపవాసమంటే పాలూ పళ్లూ అంటాం. వాళ్లకు పాలు తాగితే ఉపవాసం చెడుతుంది, ఆక్టోపస్ తింటే చెడదు. గురువారం రాత్రి వాళ్లు నన్ను చూసిన చూపు అప్పుడు నా మొహంలోనూ ఉండే ఉంటుంది.

వాళ్ల వంటింటి గోడకు కాగితపు బొమ్మ ఒకటి అంటించి ఉంది. కిరా సరకోస్తి, అంటే లెంటు అమ్మగారు. లెంటంటే ఈ ఈస్టర్ ఉపవాసమే. నోరు లేదు, చేతులు కట్టుకుని ఉంది, కాళ్లు ఏడు. శనివారానికో కాలు కత్తిరిస్తారు. మొదటి కాలు నేనూ చూడాల్సింది, మంగళవారమే నా ఫ్లైట్.

హైదరాబాద్‌లో సూట్‌కేసు తెరిచింది అమ్మే. స్వెటర్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గురువారం ఏం తిన్నావురా?"

"బంగాళదుంపలు."

ఇంకోసారి వాసన చూసి, స్వెటర్‌ని తీసుకెళ్లి సర్ఫ్ నీళ్లలో పడేసింది.