ఐడ్లింగ్‌లో గలగల: చప్పుడు మూలం ఎలా తేలింది

కారు న్యూట్రల్‌లో నిలిచి, ఇంజన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా కనిష్ఠ వేగంలో) నడుస్తుండగా, అది వేడెక్కిన తరువాత, రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు ఒక గలగల కొంతకాలంగా వినిపిస్తోంది. ఏసీ వేస్తే అది పెరుగుతుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి ఇంజన్ వేగాన్ని నిమిషానికి 1000 చుట్లు దాటిస్తే పూర్తిగా ఆగిపోతుంది. ఇది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, మాన్యువల్ గేర్ల బండి. పానా పట్టే ముందు ఆయిల్ మట్టం చూశాను, సరిగానే ఉంది; ఆయిల్ ప్రెషర్ దీపమూ వెలగడం లేదు.

ఏ పరిస్థితిలో చప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది ముందుగా కాగితం మీద రాసుకోవడం వల్ల సగం అనుమానాలు బానెట్ ఎత్తకుండానే తీరిపోయాయి. వాల్వులను నడిపే టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడితే చల్లటి ఇంజన్ స్టార్టయిన తొలి క్షణాల్లో, ఆయిల్ పీడనం అందేలోపు, చైన్ గలగలలాడి తరువాత సద్దుమణగడం మామూలు. నా బండిలో జరుగుతున్నది దానికి తలకిందులు. వాల్వుల దగ్గరి టకటక అయితే ఇంజన్ వేగంతో పాటే వేగం పుంజుకోవాలి గాని, 1000 దగ్గర మాయం కాకూడదు. క్లచ్ పెడల్ పూర్తిగా నొక్కినా శబ్దంలో ఏ మార్పూ లేదు కాబట్టి క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగునూ గేర్‌బాక్సునూ ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

మిగిలింది ఏసీ కంప్రెసర్. ఏసీతో చప్పుడు పెరుగుతోంది గనుక ఎవరి చూపైనా ముందు అటే పోతుంది, కానీ కంప్రెసర్ ఖరీదైన భాగం, అనుమానంతో మార్చేది కాదు. ఇంజన్ ఆపి, కంప్రెసర్‌నూ, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పే బెల్టు తీసేసి, కొన్ని సెకన్లు మాత్రం నడిపి చూశాను. ఈ బండిలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి బెల్టు లేకుండా కూలెంట్ ప్రవహించదు; అంతకన్నా ఎక్కువసేపు నడపడం క్షేమం కాదు. ఏసీ లేనప్పుడు ఉండే సన్నటి గలగల బెల్టు తీసినా అలాగే ఉంది. దాంతో కంప్రెసర్, ఆల్టర్నేటర్, బెల్టు టెన్షనర్ అన్నీ ఒకేసారి నిర్దోషులుగా తేలాయి.

అలాంటప్పుడు ఏసీకీ చప్పుడుకీ ఏమిటి సంబంధం? నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) ఒక చుట్టు తిరిగేలోపు రెండు సిలిండర్లలో ఇంధనం మండుతుంది. నిమిషానికి 800 చుట్ల వేగంలో అది సెకనుకు సుమారు 27 కుదుపులు. వదులైన రేకు ఏదైనా ఆ కుదుపులకు తాళం కలిపిందంటే మోగుతుంది. వేగం పెరిగి తాళం తప్పగానే ఊరుకుంటుంది. కంప్రెసర్ బరువు పడినప్పుడు ఇంజన్ ప్రతి మంటలోనూ ఎక్కువ ఇంధనం మండించాల్సి రావడంతో కుదుపు బలపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చప్పుడు లేకపోవడానికీ ఇదే కారణం: అప్పుడు ఐడ్లింగ్ వేగమే ఎక్కువగా ఉంటుంది. ఇక వెతకవలసింది ఇంజన్ లోపల కాదు, దానికి వేలాడుతున్న రేకుల్లో.

తరువాతి విడతలో, ఎగ్జాస్ట్ (పొగగొట్టం) పూర్తిగా చల్లారాక, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి బండిని జాక్ స్టాండ్ల మీద నిలిపాను. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరడం ఎవరూ చేయకూడని పని. ఇంజన్‌కు తగిలి ఉండే మానిఫోల్డ్ నుంచి సైలెన్సర్ వరకు రబ్బరు సుత్తితో తడుతూ వెళితే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి నుంచి ఏ కదలికా వినిపించలేదు. లోపలి సిరామిక్ పగిలి ఉంటే ముక్కలు ఆడేవి. దాని పైనున్న హీట్ షీల్డును (వేడిని అడ్డుకునే రేకును) తట్టగానే మాత్రం అదే గలగల. ముందువైపు బోల్టు తల చెక్కుచెదరకుండా ఉంది. దాని చుట్టూ ఉన్న రేకును తుప్పు ఉంగరంలా తినేయడంతో బోల్టును వదిలి రేకు పైకీ కిందికీ ఆడుతోంది. పైపును తాకుతున్న అంచు దగ్గర తుప్పంతా రాసుకుపోయి, వేలిగోరంత మేర లోహం తళతళలాడుతోంది. మరమ్మతుకు ముందు ఇనుప తీగతో షీల్డును తాత్కాలికంగా కట్టి, బండి దించి, ఆరుబయట ఇంజన్ నడిపి ఏసీ వేస్తే నిశ్శబ్దం.

షీల్డును పీకి పారేస్తే చప్పుడు పోతుందనే సలహా తరచూ వినిపిస్తుంది గాని, నాకది సమ్మతం కాదు. కన్వర్టర్ ఉపరితలం వందల డిగ్రీల వేడెక్కుతుంది. పైనున్న వైరింగునూ కారు అడుగు భాగాన్నీ ఆ వేడి నుంచి కాపాడేది ఆ రేకే. బోల్టుకు తుప్పు వదిలించే ఆయిల్ పట్టించి రాత్రంతా నాననిచ్చాను. మర్నాడు కొద్దిగా విప్పడం, కొద్దిగా బిగించడం చేస్తూ నెమ్మదిగా తీశాను. తొందరపడితే బోల్టు మధ్యలోనే తెగుతుంది. రేకును వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, పెద్దదైన రంధ్రానికి రెండువైపులా వెడల్పాటి స్టెయిన్‌లెస్ వాషర్లు వేసి బిగించాను. నడుమ భాగం వణకకుండా ఒక పెద్ద స్టెయిన్‌లెస్ క్లాంపు కూడా చుట్టాను. ప్లాస్టిక్ టైలు ఇక్కడ కరిగిపోతాయి. అంచుకూ పైపుకూ మధ్య ఖాళీ మిగిలిందో లేదో వేలు పెట్టి చూసుకున్నాను.

ఒక దూర ప్రయాణం తరువాత, చల్లారనిచ్చి చూస్తే, క్లాంపు కాస్త వదులైంది, మళ్లీ బిగించాను. గలగల పూర్తిగా పోయింది. ఏసీ వేసినప్పుడు స్టీరింగ్‌లో తెలిసే చిన్న వణుకు మాత్రం అలాగే ఉంది కాబట్టి తరువాత పరీక్షించవలసినవి ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే మౌంట్ల రబ్బర్లు.