ఇంట్లో ఎవరుంటారని అడిగారు

మావాడి పేరు రాయను. జువైనల్ జస్టిస్ బోర్డుకి, అంటే పిల్లల మీద వచ్చిన కేసులు విచారించే చోటికి, వెళ్లిన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది.

నాది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని, కాపురం కృష్ణలంక. పదహారేళ్ల మావాడు ఫ్రెండ్స్‌తో కలిసి ఎవరిదో బండి తోలుకుపోయి, పొద్దున్నే దొరికిపోయాడు. ఫోన్ రాగానే నేను చేసిన పని, ఓనర్ దగ్గర ఇరవై వేలు అప్పు తీసుకోవడం. "అబ్జర్వేషన్ హోమ్‌కి పోతే ముదిరిపోతాడ్రా, ముందు డబ్బు చూసుకో" అన్నారు షాపులో అందరూ. కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే చోటది.

డబ్బుతో పని పడలేదు. న్యాయ సేవాధికార సంస్థ వకీలు ఫీజు లేకుండా వచ్చారు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు బెయిల్ ఇవ్వడమే మామూలట, ఇవ్వకపోతేనే కారణం రాయాలట. లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలి. మావాణ్ణి ఆ మధ్యాహ్నమే తెచ్చారు.

నేను బోను ఊహించుకున్నాను. చూస్తే మామూలు గది. మేజిస్ట్రేట్ గారు, పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు. వాళ్లలో మేడమ్ గారు అడిగారు: "సాయంత్రం ఆరు దాటాక ఇంట్లో ఎవరుంటారు?"

నా నోరు పెగల్లేదు. నేను ఇల్లు చేరేది తొమ్మిదికి. మా ఆవిడ వన్‌టౌన్ బట్టల షాపు నుంచి వచ్చేసరికి ఇంకా ఆలస్యం. "మా అమ్మని తెనాలి నుంచి తెచ్చుకుంటామండీ" అంది తనే. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో బెయిల్ ఇచ్చారు.

ఆ ఆఫీసర్ ఇంటికొచ్చి గంటన్నర కూర్చున్నారు. బడి ఎప్పుడు మానేశాడు, ఎవరితో తిరుగుతాడు, మీరు తాగుతారా? మా ఆవిడ నా వంకే చూసింది. "ఆదివారాలండీ" అన్నాను. అదీ రిపోర్టులోకి ఎక్కింది.

విచారణ నాలుగు నెలల్లోపే ముగిసింది. కౌన్సెలింగ్, ఆదివారాలు వృద్ధాశ్రమంలో సేవ, వాడి నడతకి పూచీగా నా సంతకంతో ఏడాది బాండు. ఈ కేసు రేపు ఉద్యోగానికి అడ్డురాదని వకీలు చెప్పాకే మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

మొదటి ఆదివారం మావాడు సిగ్గుతో గడప దాటనన్నాడు. నేనూ కూడా వెళ్లాను. ఇద్దరం ఉల్లిపాయలు తరిగాం.

ఇప్పుడు ఆరున్నరకే షాపు నుంచి బయటపడుతున్నాను. ఓవర్‌టైమ్ పోయింది, ఆ లోటు మాత్రం గట్టిగానే తెలుస్తోంది. మా అత్తగారేమో సంక్రాంతికి తెనాలి వెళ్తానంటున్నారు. ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎవరుండాలో ఇంకా తేల్చుకోలేదు.