రివాల్వర్ సైటుకు రంగు వేసుకున్నాను

2024 ఎన్నికలకు ముందు నా .32 రివాల్వర్‌ను పోలీసు స్టేషనులో అప్పగించి, ఫలితాలు వచ్చాక తిరిగి తెచ్చుకున్నాను. జూలైలో కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్లి ఆరు తూటాలు కాల్చాను. దూరం పది మీటర్లే. రెండు తూటాలు కాగితానికే తగలలేదు.

చెయ్యి వణకలేదు. గురి చూడడానికి బ్యారెల్ కొన మీద ఉండే ముందు సైటు, అంటే ఫోర్‌సైట్ కనిపించలేదు, అంతే. ఎదురుగా ఉన్న నల్ల గుండ్రం కనిపిస్తోంది, కంటి వైపున్న వెనక సైటు గాడి మసకగా అయినా తెలుస్తోంది. ఆ రెండింటి మధ్య నిలబడవలసిన ఫోర్‌సైట్ మాత్రం గుండ్రం నలుపులో కలిసిపోయింది. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు ఉన్నవాణ్ణి. కన్ను ఒకసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదని, ఆ స్పష్టతను లక్ష్యానికి కాక ఫోర్‌సైట్‌కే ఇవ్వాలని మొదటి వారంలోనే నేర్పారు. ఇప్పుడు యాభై ఆరేళ్ల వయసులో చత్వారం సరిగ్గా ఆ దూరాన్నే నా నుంచి తీసుకుంది.

కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన ఈ రివాల్వర్‌కు రెండు సైట్లూ కదలనివే. విప్పి కొత్తవి బిగించుకునే ఏర్పాటు లేదు. ఉన్న సైటునే కంటికి ఆనేలా చేసుకోవాలి, అంటే రంగు వేయాలి.

మొదటిసారి తొందరపడ్డాను. అది శ్రావణమాసం. కోనసీమలో రాజోలు పక్క మా ఊళ్లో ఆ రోజుల్లో ఉతికిన పంచె రెండు రోజులకు కూడా ఆరదు. కిరసనాయిలు గుడ్డతో సైటు తుడిచి, మా ఆవిడ ఇచ్చిన ఎర్ర గోళ్ల రంగును ఆ సీసాలోని కుంచెతోనే ఒక్క పూత మందంగా వేశాను. గంట తరువాత చూస్తే రంగు మీద పాలపొర లాంటి తెల్లదనం. గోళ్ల రంగులోని ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి పూత అలా పాలిపోతుంది. దానికి తోడు కిరసనాయిలు జిడ్డు అడుగునే ఉండిపోయింది. తరువాత రేంజిలో నాలుగో తూటాకు ఆ పూత పెళుసుగా లేచి, గోరంత ముక్క నా చేతి మీద పడింది.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. రంగు సైటు పైఅంచు దాకా పాకి, కొనన చిన్న బొట్టులా గడ్డకట్టింది. ఫోర్‌సైట్ ఎత్తు పెరిగితే, దాని కొనను వెనక గాడితో సమం చేసేటప్పుడు బ్యారెల్ మూతి కిందికి దిగుతుంది, తూటా కింద పడుతుంది. నా రివాల్వర్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లు. పైన అర మిల్లీమీటరు చేరితే 10 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఇంత లెక్క తెలిసీ నేను బొట్టు పెట్టాను.

పడవలకూ దుకాణాలకూ పేర్లు రాసే ఒక ఆర్టిస్టు మా వీధిలోనే ఉంటాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను బాబాయిగారూ అని పిలుస్తాడు. ఆయుధం చూపించలేదు, ఇనుప ముక్క మీద రంగు నిలవడం లేదని మాత్రం చెప్పాను. "బాబాయిగారూ, మెరిసే నారింజ రంగు నల్లటి ఇనుము మీద నేరుగా వేస్తే చచ్చిపోతుంది. ముందు తెలుపు వేయండి, అది పూర్తిగా ఆరాక దాని మీద నారింజ వేయండి" అన్నాడు. ఆ రంగులు పలచనివి, వెనక తెలుపు ఉంటేనే వెలుతురు తిరిగి వచ్చి మండినట్టు కనిపిస్తాయట. బండ్లకు అంటించే, మనవాళ్లు రేడియం అని పిలిచే స్టిక్కరు ముక్క పెడితే ఎలా ఉంటుందని అడిగాను. "అది హెడ్‌లైటు పడితేనే మెరుస్తుంది కదండీ" అన్నాడు. నిజమే.

కార్తీకం దాటి, మార్గశిరంలో పొడిగాలి తిరిగాక మళ్లీ మొదలుపెట్టాను. తూటాలు వేరే గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను. రివాల్వర్ మడత విప్పి, తూటాలు కూర్చునే ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడే బల్ల మీద పెట్టాను. ఈ పని ఎన్నిసార్లు చేసినా ఇలాగే చేయాలి.

రంగుల దుకాణంలో కొన్న, జిడ్డు వదిలించే అసిటోన్‌తో, పాత పంచె గుడ్డతో సైటును మూడుసార్లు తుడిచాను. దూది పీచు వదులుతుంది, అది వాడకూడదు. చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, నా కన్ను వైపు ఉండే పలక ముఖం మాత్రం వదిలాను. పైఅంచు మీదుగా కూడా సన్నటి టేపు ముక్క అంటించాను.

కుంచె పక్కన పెట్టేశాను. పెరట్లో కొబ్బరి ఆకు నుంచి పచ్చి ఈనె చీల్చి, కొనను బ్లేడుతో సూదిలా చెక్కాను. ఈనె కొన వంగుతుంది కానీ తెగదు, రంగును చుక్కగా పట్టి నిలుపుతుంది. దానితో తెలుపును మధ్య నుంచి అంచులకు లాగాను. పలచగా ఒక పూత, మరునాడు ఇంకొకటి. నారింజ కూడా అలాగే రెండు పూతలు. ఆఖరున రంగులేని గోళ్ల రంగు ఒక్క పూత. మొత్తం ఐదు రోజులు పట్టింది. పూత కాస్త గట్టిపడేదాకా కిటికీ ఎండలో బల్ల పక్కనే కూర్చునేవాణ్ణి, ఆయుధాన్ని ఆరబెట్టి మరో పని మీద వెళ్లకూడదు కదా. అక్కడి నుంచి లేవగానే దాన్ని బీరువాలో పెట్టేవాణ్ణి.

వెనక సైటుకు తెలుపు వేద్దామా అని చాలాసేపు ఆలోచించి మానుకున్నాను. రెండు చోట్లా రంగు ఉంటే కన్ను దేని మీద నిలవాలో తేల్చుకోలేదు. వెనక నలుపుగా ఉంటేనే ముందరి రంగు దాని మధ్యలో నిలబడుతుంది. అందుకే రంగు పని మొదలుపెట్టక ముందే, పాతకాలపు గురికాళ్ల పద్ధతిలో, కర్పూరం వెలిగించి ఆ మసిని వెనక గాడికి పట్టించాను. ఇనుము మీది మెరుపు పూర్తిగా పోయింది.

జనవరిలో, సంక్రాంతి తరువాత రేంజికి వెళ్లాను. రివాల్వర్ ఎత్తగానే గాడి మధ్యలో నారింజ గీత కనిపించింది. అంచులు ఇప్పటికీ కొంచెం మసకే, చత్వారం రంగుతో పోదు. కానీ అది ఎక్కడ ఉందో వెతుక్కోనక్కరలేదు. ఆరింటిలో ఐదు తూటాలు నా అరచేతి వెడల్పులో పడ్డాయి. ఆరోది ట్రిగ్గర్ గుంజడం వల్ల ఎడమకు పోయింది, దానికి సైటును అనను.

ఇంటికి వచ్చి శుభ్రం చేసేటప్పుడు బ్యారెల్ కడిగే ద్రావకం సైటు మీద పడకుండా టేపు చుట్టాను, అది రంగును తినేస్తుంది. అసిటోన్‌తో నూనె పోయిన చోట్ల మళ్లీ పలచగా నూనె రాశాను, మా గాలికి ఒక్క వారం చాలు తుప్పు పట్టడానికి. ఈ రంగు పగటికే పనికొస్తుంది. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కిటికీ దగ్గర పట్టి చూస్తే, కొబ్బరిచెట్ల నీడ చిక్కబడే కొద్దీ నారింజ మెల్లగా బూడిద రంగులోకి దిగి, వెనక గాడి నలుపులో కలిసిపోయింది.