సముద్రం చేరని నది ఒడ్డున చౌడు నేలల్లో ఉద్యోగం

నేను పనిచేసే చోట నది సముద్రంలో కలవదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో హంబోల్ట్ అనే నది ఈశాన్యపు కొండల్లో పుట్టి, దాదాపు ఐదు వందల కిలోమీటర్లు ఎడారిలో పారి, లవ్‌లాక్ అనే చిన్న ఊరు దాటాక ఒక పల్లపు మైదానంలో ఆగిపోతుంది. నీళ్లు ఆవిరవుతాయి. అవి మోసుకొచ్చిన ఉప్పు అక్కడే ఉండిపోతుంది. సుమారు పదిహేను వేల ఏళ్ల కిందట ఇక్కడ లహోంటన్ అనే పెద్ద సరస్సు ఉండేది. అది ఎండిపోగా మిగిలిన మెత్తటి బంకమట్టి మీద నది తన ఒండ్రు పరిచింది. ఆ మట్టిని తవ్వి, చూసి, రాసిపెట్టడం నా పని.

మాది నల్గొండ జిల్లా, మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ, ఇక్కడ ఎమ్మెస్ అయ్యాక, పొలాల్లో మిగిలిన నీరు బయటికి పోయే మురుగు కాలువలు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఊళ్లో ఎవరన్నా అడిగితే మా అమ్మ "మట్టి పరీక్షలు చేస్తది" అని చెప్తుంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

వేసవిలో తెల్లవారకముందే బయల్దేరతాం, మధ్యాహ్నానికి ఎండ పొలంలో నిలబడనివ్వదు. ఏడాది మొత్తం కలిపి ఇక్కడ కురిసేది ఐదారు అంగుళాల వాన. పికప్ వెనక మట్టిలోకి తిప్పి దించి నమూనా తీసే ఆగర్, మట్టి రంగులు పోల్చి చూసే మన్సెల్ పుస్తకం, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా, ఆమ్ల, క్షార గుణం కొలిచే పీహెచ్ మీటర్, ఉప్పు కొలిచే ఈసీ మీటర్ ఉంటాయి. ఎడారి అంటే అడుగు దాకా ఎండిపోయిన నేల అనుకునే వచ్చాను. నది పక్క పల్లాల్లో మాత్రం మూడు నాలుగు అడుగుల్లోనే ఆగర్‌కు నీళ్లు తగులుతాయి. కింద బంకమట్టి నీళ్లను దిగనివ్వదు, పైన ఎండ లాగుతూనే ఉంటుంది. ఆ నీరు మట్టిలోని సన్నటి సందుల గుండా పైకెక్కి, ఉప్పును పైపొరలో వదిలి గాలిలో కలిసిపోతుంది. నేల తెల్లగా పొంగేది అందుకే.

ఒక గుంట ఎలా ఉంటుందో చెప్తాను. పైన కరకరలాడే తెల్లటి పొక్కు. కొన్నిచోట్ల తెలుపు బదులు నలుపు కనిపిస్తుంది. అక్కడ సోడియం ఎక్కువై, మట్టిలోని జీవపదార్థం కరిగి పైకి తేలిందన్నమాట, పీహెచ్ తొమ్మిది దాటి ఉంటుంది. మన కారు చౌడు ఇదే. దాని కింద, ఎండితే గడ్డపారకు లొంగనిది, తడిస్తే చెప్పు వదలనిది ఒక గట్టి పొర. ఇంకా కిందికి పోతే బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు. ఈ మచ్చలంటే నాకు చాలా ఇష్టం. నీళ్లు నిండి గాలి ఆడనప్పుడు మట్టిలోని ఇనుము కరుగుతుంది. నీరు దిగి గాలి తగలగానే మళ్లీ తుప్పై పేరుకుంటుంది. అందుకే సెప్టెంబర్లో ఎండిన గుంట చూసి కూడా వసంతంలో నీరు ఎంత పైదాకా వచ్చిందో చెప్పొచ్చు. "మా పొలంలో ఎన్నడూ నీళ్లు నిలవలేదండీ" అని ఓనర్ అన్నా, నేను మచ్చలనే నమ్ముతాను.

ఆ గట్టి పొర సోడియం పని. కాల్షియం మట్టి రేణువులను గుంపులుగా పట్టి ఉంచుతుంది, ఆ గుంపుల మధ్యనుంచే నీళ్లు దిగుతాయి. సోడియం చేరితే గుంపులు విడిపోయి, మెత్తటి రేణువులు సందులన్నీ పూడుస్తాయి. నీళ్లు దిగవు కాబట్టి ఉప్పు కొట్టుకుపోదు, ఉప్పు పోదు కాబట్టి నేల ఇంకా చెడుతుంది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ లవణ ప్రయోగశాల 1954లో వేసిన హ్యాండ్‌బుక్ కొలతలే ఇప్పటికీ మాకు ఆధారం. మట్టి ముద్ద నుంచి తీసిన నీటి ఈసీ 4 దాటితే ఉప్పు నేల. మట్టి పట్టి ఉంచిన సోడియం 15 శాతం దాటి, పీహెచ్ 8.5కు పైన ఉంటే క్షార నేల. రెండూ కలిసిన పొలాలే నాకు ఎక్కువగా ఎదురయ్యేవి.

మీటరు తీయకముందే చెట్లు చెప్పేస్తాయి. గ్రీజ్‌వుడ్ అనే ముళ్ల పొద వేళ్లు నీటిమట్టం దాకా దిగుతాయి. సాల్ట్‌గ్రాస్ అనే గడ్డి తాగిన ఉప్పును ఆకుల మీద పలుకులుగా వదిలేస్తుంది. మన దగ్గర చౌడులో ఇంకేమీ బతకనప్పుడు సర్కారు తుమ్మ బతికినట్టే ఇవీ. మొదటిసారి ఆ పొదలు చూసినప్పుడు మా దిగువ మడి పక్కనున్న పడావు భూమి కళ్ల ముందుకొచ్చి ఇంటి మీద బెంగ పుట్టింది.

బియ్యం, పప్పులు, జొన్నపిండి కావాలంటే రీనో దాకా గంటన్నర డ్రైవ్. వీసా రెన్యూవల్ టెన్షన్ అందరిలాగే నాకూ ఉంది. చలికాలంలో పొలం పని తగ్గి ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు తెలుగు మాట వినకుండానే వారాలు గడుస్తాయి. రైతులు మాత్రం మంచివాళ్లు. అల్ఫాల్ఫా గడ్డి పండించే ఒక పెద్దాయన మేం వెళ్లిన ప్రతిసారీ కాఫీ ఇచ్చి, పొలంలో ఎక్కడెక్కడ మొక్క చచ్చిందో చెయ్యి పెట్టి చూపిస్తాడు. చచ్చిన మొక్కను వేళ్లతో నలుపుతూ మాట్లాడే తీరు అచ్చం మా నాయినే. ఆయన లారీలకొద్దీ జిప్సం చల్లించాడు. ఒక్క పంటకు కాస్త తేరుకున్న పొలం మళ్లీ మొదటికొచ్చింది.

జిప్సంలో తప్పు లేదు. దానిలోని కాల్షియం సోడియాన్ని రేణువుల నుంచి నెట్టేస్తుంది. నెట్టిన సోడియం నీళ్లలో కలిసి పొలం దాటాలి. దారి లేకపోతే అది వేళ్ల కిందే ఉండి, మళ్లీ ఎండకు పైకొస్తుంది. యాసిడ్ చుక్క వేస్తే మట్టి బుసబుసమన్నదంటే సున్నం ఉన్నట్టే. అలాంటి చోట గంధకం వేసినా చాలు, బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారిస్తే మట్టిలోని సున్నమే కరిగి కాల్షియం ఇస్తుంది. ఏది వేసినా ముందు మురుగు నీటికి దారి కావాలి.

మా నాయినతో ఫోన్లో నేను వాదించేది దీని గురించే. "బిడ్డా, దిగువ మడిల నాటు మళ్లా ఎర్రబడ్డది" అంటాడు. జింక్ సల్ఫేట్ కొట్టిస్తాడు. క్షార నేలల్లో వరికి జింకు అందదు కాబట్టి అదీ అవసరమే. జీలుగ చల్లి దున్నిస్తాడు, అదీ మంచిదే. సబ్సిడీ జిప్సం వస్తే బస్తాలు తెచ్చుకుంటాడు. కానీ మడి కిందినుంచి వాగులోకి పోవాల్సిన మురుగు కాలువ తుంగతో, పూడికతో నిండి ఏళ్లయింది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతోనే మా తాతల కాలపు మెట్ట భూములు వరి మాగాణులయ్యాయి, నన్ను చదివించింది కూడా ఆ వరే. మా ఊళ్లో నీళ్లు తెచ్చే కాలువకు చేసుకున్నంత సంబరం నీళ్లు పోయే కాలువకు ఎవరూ చేసుకోలేదు. అది బాధగానే ఉంటుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌కూ ఈ రసాయనానికీ చుట్టరికం ఉంది. నీళ్లలో సోడియం, బైకార్బొనేటు పెరిగి, కాల్షియం సున్నంగా పేరుకుని తగ్గిపోతే, రాతిలోని ఫ్లోరైడ్‌ను పట్టి ఆపేది ఉండదు. మా మేనత్త వాళ్ల ఊరు అటే. అక్కడి వంగిన కాళ్లు చిన్నప్పుడు చూశాను కాబట్టి ఈ చదువు నాకు ఉద్యోగం కోసం మాత్రమే కాదు.

మురుగు కాలువ తవ్వితే పని అయిపోయినట్టూ కాదు. కాలిఫోర్నియాలో కెస్టర్‌సన్ అనే చోట పొలాల మురుగునీరంతా చెరువుల్లో చేర్చారు. అందులో సెలీనియం పేరుకుని, 1983లో పక్షి పిల్లలు వైకల్యంతో పుట్టడం బయటపడింది. తర్వాత ఆ కాలువనే మూసేశారు. నెవాడాలో మేమూ డిజైన్ మొదలుపెట్టే ముందు ఆ నీరు చివరికి ఎక్కడికి పోతుందన్నదే గంటలకొద్దీ మాట్లాడుకుంటాం, ఎందుకంటే పోవడానికి సముద్రం లేదు. మనకు వాగు ఉంది, మూసీ ఉంది, కృష్ణ ఉంది. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉచితంగా కడిగే వాన ఉంది. ఇక్కడి పెద్దాయనకు ఈ మాట చెప్తే కాసేపు నమ్మలేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మా చిన్నాయన, నేను కలిసి ఆరడుగుల పీవీసీ పైపుకు రంధ్రాలు చేసి, గుడ్డ చుట్టి, దిగువ మడి గట్టు మీద పాతాం. తాడుకు బరువు కట్టి దింపితే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. చిన్నాయన ఆదివారం ఆదివారం కొలిచి వాట్సాప్‌లో పంపుతున్నాడు. యాసంగి నీళ్లు ఆపాక కూడా మట్టం రెండడుగులు దాటి దిగలేదు. ఆ లెక్క చూశాకే నాయిన, పక్క మడుల వాళ్లు కలిసి, ఈసారి జిప్సం డబ్బులు జేసీబీకి పెట్టి వాగు దాకా పూడిక తీయించాలని అనుకుంటున్నారు. తుంగ వేళ్లతో సహా తీయాలని, తీసిన మట్టి గట్టు మీదే పోస్తే మొదటి వానకు మళ్లీ కాలువలోకే జారుతుందని చెప్పాను.