నెమలికంఠం రంగు కనిపించే తెర

"ఏ బ్రాండు అనుకుంటున్నారు మేడమ్?"

మధ్యాహ్నం లాప్‌టాప్ కొందామని వెళ్తే షాపులో అడిగిన ఈ ఒక్క ప్రశ్న అప్పట్నుంచి నన్ను వదలడం లేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు. పొద్దున్నే పంపాల్సిన కవరు పేజీ సగంలో ఉంది. ఇది రాసేస్తే తప్ప దాని మీద చెయ్యి పడేలా లేదు.

నేనూ మా చిన్నాడూ సికింద్రాబాదు పార్క్‌లేన్ వెళ్ళాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ నాకు కొత్తేమీ కాదు, ఈ డెస్క్‌టాప్‌లో ప్రతి ముక్కా అక్కడ బేరమాడి కొన్నదే. నా పాత లాప్‌టాప్ హింజ్, అంటే మూత తిరిగే కీలు, విరిగింది. చిన్న ఇనుపముక్క విరిగితే పై ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు సర్వీసు సెంటర్ వాళ్ళు. ఆ కంపెనీ పేరు తలుచుకోవడం కూడా ఇష్టం లేదు. ఇంకోటి కొనక తప్పదని తేలిపోయింది.

మొదటి షాపులో అబ్బాయి బాగానే మాట్లాడాడు. "గ్రాఫిక్స్ వర్కా మేడమ్? అయితే గేమింగ్ లాప్‌టాప్ తీస్కోండి, మస్తు నడుస్తది." నేను ఆటలు ఆడను బాబూ, శుభలేఖలు, పుస్తకాల కవర్లు చేస్తాను, నాకు రంగు సరిగ్గా కనపడాలి అన్నాను. "కలర్ సూపర్ ఉంటది, చూడండి" అని ఒకటి తిప్పి చూపించాడు. దాని మీద సముద్రం, చిలకలు, బెలూన్లు తిరుగుతున్నాయి, బ్రైట్‌నెస్ చివరి దాకా పెట్టి. ఆ వెలుగులో ఏ తెరైనా బాగానే ఉంటుంది. తెర ప్యానెల్ ఎస్‌ఆర్‌జీబీ, అంటే తెరలకి మామూలుగా ప్రమాణంగా తీసుకునే రంగుల పరిధి, ఎంత శాతం చూపిస్తుంది అని అడిగాను. డబ్బా తిప్పి చూశాడు. ప్రాసెసర్ పేరుంది, ర్యామ్ ఉంది, ఎస్‌ఎస్‌డీ ఉంది, గ్రాఫిక్స్ కార్డు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. తెర గురించి మాత్రం ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్. అంతే.

చిన్నాడు ఫోన్‌లో మోడల్ నంబరు కొట్టి చూశాడు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. అది రంగుల పరిధికి పాత టీవీల కాలం నాటి కొలత. ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో సుమారు అరవై చిల్లర. నా పనికి ఇది పనికిరాదు. అలాంటి తెర మీద కుంకుమ ఇటుకపొడిలా కనిపిస్తుంది. అది చూసి నేను ఎరుపు పెంచుకుంటూ పోతే, అచ్చులో మంటలా వస్తుంది. లక్ష రూపాయల దగ్గర అమ్మే యంత్రంలో రోజంతా కళ్ళు పెట్టి చూడాల్సిన భాగం గురించి డబ్బా మీద ఒక్క ముక్క రాయకపోవడం ఏం న్యాయం?

కార్డు సంగతీ అలాగే ఉంది. ఆర్‌టీఎక్స్ 4060 అని రెండు వేర్వేరు లాప్‌టాప్‌ల మీద ఒకే స్టిక్కరు ఉంటుంది. ఒకదానిలో ఆ కార్డుకి 60 వాట్లే ఇస్తారు, ఇంకోదానిలో 115 ఇస్తారు. పేరొక్కటే, పని ఒక్కటి కాదు. ఎన్ని వాట్లో అడిగితే "అన్నీ సేమ్ మేడమ్" అంటారు. బ్లెండర్‌లో త్రీడీ రెండర్ చేసేవాళ్ళకి ఈ తేడా గంటల్లో తెలుస్తుంది. నాకు అంత అవసరం లేదు. నా ఫొటోషాప్ ఫైళ్ళకి కార్డు కన్నా ర్యామ్ ముఖ్యం. అయినా అడిగినదానికి జవాబు రాకపోతే ఒళ్ళు మండుతుంది.

అన్నిటికన్నా పెద్ద బాధ ఇంకోటి ఉంది. నా పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు తీసుకెళ్ళాను. పోయిన నెల అచ్చయిన శుభలేఖ అది. నెమలికంఠం రంగు పట్టుచీర అంచు, పసుపు, కుంకుమ, కొంచెం చర్మం రంగు, అన్నీ ఉన్నాయి అందులో. అచ్చు కాపీ కూడా సంచిలో పెట్టుకున్నాను. తెర మీద ఫైలు తెరిచి, పక్కన అచ్చయిన శుభలేఖ పెట్టి చూస్తే ఏ లాప్‌టాప్ ఎంత నిజం చెబుతుందో తెలిసిపోతుంది. ఒక్క షాపులో కూడా ఒప్పుకోలేదు. "వైరస్ వస్తది, ఓనర్ తిడ్తడు" అన్నాడొకతను. ఇంకోచోట "డెమో మోడ్‌లో ఫైల్స్ ఓపెన్ కావు" అన్నారు. చీరల షాపులో చీరని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో చూస్తామంటే ఎవరూ అడ్డు చెప్పరు. ఇంత డబ్బు పోసే వస్తువుని ఎందుకు చూడనివ్వరు?

యాపిల్ వాళ్ళవి అమ్మే షోరూమ్‌లోనూ ఫైలు తెరవనివ్వలేదు. కానీ అక్కడ ఒక నిశ్చింత ఉంది, అది ఒప్పుకుని తీరాలి. 14 అంగుళాల మాక్‌బుక్ ప్రో ఏ షాపులో కొన్నా, ఏ డబ్బా విప్పినా తెర ఒకే స్థాయిది. ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్దదైన పీ3 రంగుల పరిధిని పూర్తిగా చూపిస్తుంది. మోడల్ నంబరు చివర్న ఏ అక్షరం ఉంది, అది చవక ప్యానెలా మంచి ప్యానెలా అని వెతుక్కోనక్కర్లేదు. విండోస్ వైపు ఒకే పేరుతో రెండు మూడు రకాల ప్యానెళ్ళు అమ్ముతారు. తమ్ముడు ఏళ్ళుగా చెబుతున్నది ఇదే. 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చిన దగ్గర్నుంచీ వాడి పోరు ఇంకా ఎక్కువైంది. చార్జర్ పెట్టకపోయినా వేగం తగ్గదు, ఒళ్ళో పెట్టుకుంటే కాలదు, ఫ్యాను చప్పుడు వినపడదు. మన మే నెల ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో, ఇవన్నీ చిన్న విషయాలు కావు. సరే, మాక్‌బుక్కే అనుకునే మెట్రో ఎక్కాను.

అనుకున్నాక కూడా ఆ ప్రశ్న ఎందుకు గుచ్చుతోందో ఇంటికొచ్చి అన్నం వండుతుంటే తెలిసింది. మాస్టారు గుర్తొచ్చారు.

చిక్కడపల్లి సందులో ఆయన డీటీపీ సెంటరు. నా మొదటి ఉద్యోగం. రెండు గదులు, సీఆర్‌టీ మానిటర్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగుకి 'అను' ఫాంట్లు, లేజర్ ప్రింటరు పక్కన ట్రేసింగ్ పేపర్ల కట్ట. ఒక రంగు పనులకి ట్రేసింగ్ తీసి ప్లేటుకి పంపేవాళ్ళం. నాలుగు రంగులైతే బయట ఫిల్ములు తీయించాలి. సియాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్, నాలుగు ఫిల్ములూ చుట్టి గొట్టంలో పెట్టుకుని స్కూటర్ మీద తెచ్చేవారు మాస్టారు. మేం టిఫిను తింటున్నా సరే, ముందు చేతులు కడుక్కొచ్చి అవి చూడాలి.

ఒకసారి ఒక కస్టమరు ఎక్కడో డిజైన్ చేయించుకున్న ఫైలు తెచ్చారు. గృహప్రవేశం కార్డు. చుట్టూ పసుపు అంచు, తెర మీద చూస్తే బంగారంలా ఉంది. ఇంతకు ముందు వేరే ప్రెస్సులో అచ్చు వేయిస్తే పాచిరంగు వచ్చిందట, ప్రెస్సు వాళ్ళని తిడుతున్నారు. మాస్టారు ఏమీ అనలేదు. ఫిల్ములు లైట్ టేబుల్ మీద పరిచి, సియాన్ ఫిల్ము మీద భూతద్దం పెట్టి నన్ను పిలిచారు. "చూడమ్మా, ఇక్కడ చుక్కలున్నాయా?" ఉన్నాయి, సన్నగా, అంచు పొడుగునా. "పసుపులోకి నీలం చుక్క వచ్చిందంటే ఆకుపచ్చకి తిరుగుతుంది. ప్రెస్సు వాడేం చేస్తాడు పాపం." తర్వాత ఫొటోషాప్ తెరిచి ఇన్ఫో పెట్టెలో అంకెలు చూపించారు. సియాన్ సున్నా చేసి, మెజెంటా పదిహేను దగ్గర పెట్టారు. తెర మీద మాకు తేడా కనపడనే లేదు. అచ్చులో పసుపు పసుపులా వచ్చింది.

ఆ తెరలు ఎంత పాడుగా ఉండేవో చెప్పలేను. ఒకటి ఎర్రగా, ఒకటి నీలంగా. ఆయన ఎప్పుడూ కొత్తది కొనలేదు. షేడు పుస్తకం, అంకెలు, గుమ్మం దగ్గరి వెలుతురు, ఇవే ఆయన ఆధారాలు. అచ్చయిన మొదటి కాగితాన్ని ట్యూబ్‌లైటు కింద చూస్తే కోప్పడేవారు. ఇప్పటికీ ఏ ప్రూఫైనా బాల్కనీలోకి తీసుకెళ్ళి చూడటం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ సెంటరు ఇప్పుడు లేదు, ఆయనా లేరు. ఉండి ఉంటే ఇవాళ్టి నా తిరుగుడు చూసి ఏమనేవారో.

ఇంతవరకూ రాశాక నా మనసే మారుతోంది. అంకెలు తెలిసినవాళ్ళకి తెర దేనికి? మాస్టారు అంత పాడు తెరల మీద అంత మంచి పని చేశారు కదా. మామూలు లాప్‌టాప్ ఒకటి తీసుకుని, మిగిలిన డబ్బుతో రంగులు సరిచేసే స్పైడర్ లాంటి కాలిబ్రేటర్ కొనుక్కుంటే చాలదా?

లేదు, చాలదు. కాలిబ్రేటర్ ఉన్న రంగుని సరిచేస్తుంది, లేని రంగుని తేలేదు. 45 శాతం తెరకి ఎంత కొలిచినా అది 45 శాతమే. పైగా అప్పట్లో అన్నీ కాగితం మీదే తేలేవి. ఇప్పుడు నా పనిలో సగం అచ్చుకి వెళ్ళనే వెళ్ళదు. పెళ్ళివారు వాట్సాప్‌లోనే చూస్తారు, వాట్సాప్‌లోనే పంచుతారు. వాళ్ళ ఫోన్లు చాలావరకు ఓలెడ్‌వి, నా తెర కన్నా మంచివి. "అక్కా, ఎరుపు కొట్టొచ్చినట్టుంది" అని పెళ్ళికూతురు అంటే నా దగ్గర అది కనపడాలి కదా.

అచ్చు సంగతికొస్తే అసలు చిక్కు నెమలికంఠంలోనే ఉంది. సియాన్ ఇంకు ఎక్కువగా పడే ఆ నీలం, ఆకుపచ్చ కలిసే చోట, అచ్చు ఇవ్వగలిగిన రంగుని ఎస్‌ఆర్‌జీబీ తెర చూపించలేదు. అడోబ్ 1998లో అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పరిధిని తెచ్చింది ఆ భాగాన్ని కూడా అందుకోవడానికే. యాపిల్ వాళ్ళ పీ3 సినిమా నుంచి వచ్చింది. అది ఎరుపు వైపు బాగా విశాలం, నెమలికంఠం వైపు అడోబ్ ఆర్‌జీబీ అంత దూరం పోదు. అంటే నా పనికి మాక్‌బుక్ తెరే అన్నిటికన్నా గొప్పదని ఒట్టేసి చెప్పలేను. అసుస్ ప్రోఆర్ట్‌లలో, హెచ్‌పీ జెడ్‌బుక్ డ్రీమ్‌కలర్ తెరల్లో కూడా ఈ పని కోసమే చేసినవి ఉన్నాయి. మన షాపుల్లో అవి బయట పెట్టరు, ఆర్డరిస్తే తెప్పిస్తామంటారు. అదో బాధ.

ఇంక తెలుగు. ఇది తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. వాడు కోడు రాసుకుంటాడు, వాడికి అక్షరంతో పనిలేదు. నా దగ్గర రెండు హార్డ్‌డిస్కుల నిండా పాత పుస్తకాలున్నాయి, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. అది యూనికోడ్ కాదు, అంటే ఇప్పుడు అన్ని యంత్రాలూ గుర్తుపట్టే పద్ధతిలో ఉన్న తెలుగు కాదు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే తెలుగంతా గుర్తు తెలియని ఇంగ్లీషు అక్షరాల గుట్ట అయిపోతుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరిది. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు ఆ ఫైళ్ళని తెరవవు. నారాయణగూడ పబ్లిషరుగారు "అమ్మా, ఆ పాత పుస్తకం రీప్రింటు వేద్దాం, రెండు పేజీలు మార్చాలి" అని ఫోన్ చేస్తే నాకు విండోస్ కావాల్సిందే. మాక్ మీద విండోస్ వేసుకోనిచ్చే బూట్‌క్యాంప్ ఇప్పటి మాక్‌లలో లేదు. మాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్ లాంటిది కొని, అందులో ఆర్మ్ చిప్‌లకి చేసిన విండోస్ వేసి, దాని మీద అంత పాత సాఫ్ట్‌వేర్ నడుస్తుందా లేదా అని నేను ప్రయోగాలు చేస్తూ కూర్చోలేను. ఫ్లెక్సీ షాపు వాళ్ళందరూ కోరెల్‌డ్రాలోనే అడుగుతారు. అది మాక్‌కి 2019లో మళ్ళీ వచ్చింది కానీ, వాళ్ళ దగ్గరున్న పాత వెర్షన్‌కి తగ్గట్టు సేవ్ చేసి ఇవ్వడం ఎటూ తప్పదు.

యూనికోడ్‌లోనే చేసుకోవచ్చు కదా అంటారు. కొత్త పనులన్నీ అలాగే చేస్తున్నాను. రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు వచ్చాక శుభలేఖలకి దిగులు తగ్గింది. ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకుంటే 'లక్ష్మి' ఒత్తులు విడిపోకుండా వస్తాయి. అది మాక్‌లోనైనా విండోస్‌లోనైనా ఒకటే. కానీ ఇరవై ఏళ్ళ పుస్తకాలు నేను కొత్త లాప్‌టాప్ కొన్నానని యూనికోడ్‌లోకి మారిపోవు.

ఆ పాత ఫైళ్ళకి ఈ డెస్క్‌టాప్ ఉంది కదా అన్నారు మా ఆయన, పడుకోబోతూ. నిజమే. కానీ ప్రూఫులు దిద్దేటప్పుడు పబ్లిషరుగారి పక్కన కూర్చుని మార్చాలి. ఈ పెట్టెని ఆటోలో వేసుకుని నారాయణగూడ వెళ్ళలేను.

అందుకని విండోసే. 32 జీబీ ర్యామ్ మొదటే ఉండాలి. సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికేస్తున్నారు, తర్వాత పెంచుకోవడం కుదరదు. ఈ విషయంలో మాక్‌ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. కార్డు మామూలుదైనా పర్వాలేదు. ప్యానెల్ వివరం కాగితం మీద రాసిస్తేనే అడ్వాన్సు ఇస్తాను. బిల్లు నా జీఎస్టీ నంబరు మీద తీసుకుంటే పద్దెనిమిది శాతం తిరిగి లెక్కలోకి వస్తుందేమో ఆడిటరు గారిని అడగాలి, అలా వస్తే కాలిబ్రేటర్‌కి డబ్బు కలిసొస్తుంది.

తమ్ముడు ఊరుకోడు. ఆదివారం భోజనానికి వస్తానన్నాడు, వచ్చేటప్పుడు వాడి మాక్‌బుక్ తెమ్మన్నాను. వాడైతే పెన్‌డ్రైవ్ పెట్టనిస్తాడు. బాల్కనీ పక్క గదిలో, పగటి వెలుతురులో, శుభలేఖ పక్కన పెట్టి చూస్తాను. ఆ నెమలికంఠం దాంట్లో గనక అచ్చు గుద్దినట్టు కనిపిస్తే, పైన రాసిందంతా మళ్ళీ ఆలోచించాల్సిందే.