సీఎన్‌జీ మినీ ట్రక్కు మిస్సింగ్ కొడుతుంటే

లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎవరో వెనక్కి గుంజినట్టు బండి జర్క్ కొడుతుంది. ఐడిలింగ్‌లో సీటు కింద వణుకు మొదలవుతుంది. సైలెన్సర్ గొట్టానికి కాస్త దూరంగా అరచెయ్యి పెట్టి చూస్తే గాలి ఒకే లయలో తగలదు, మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి మండట్లేదన్నమాట, లేదా అప్పుడప్పుడూ ఎగ్గొడుతోంది. రెండు సిలిండర్ల బండైతే చెప్పనే అక్కర్లేదు, సగం ఇంజిన్ పోయినట్టే.

ఇదంతా పెట్రోల్, సీఎన్‌జీ రెండిటి మీదా నడిచే సూపర్ క్యారీ లాంటి చిన్న ట్రక్కుల సంగతి. డీజిల్ బండిలో నిప్పురవ్వతో ఇంధనాన్ని అంటించే స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి అక్కడ మిస్సింగ్ దారి వేరు.

మొదటి పరీక్షకు పానా కూడా పట్టక్కర్లేదు. గ్యాస్ మీద మిస్ కొడుతున్నప్పుడు స్విచ్ నొక్కి పెట్రోల్‌కి మార్చండి. పెట్రోల్‌లో బండి నున్నగా నడిచిందా, నూటికి ఎక్కువసార్లు తప్పు స్పార్కు వైపే ఉంటుంది. సీఎన్‌జీ మిశ్రమంలో నిప్పురవ్వ దూకాలంటే పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగిన ప్లగ్గు, నీరసించిన కాయిల్ (ప్లగ్గుకు హై వోల్టేజి అందించేది) పెట్రోల్‌లో ఎలాగో నెట్టుకొస్తాయి, గ్యాస్‌లో దొరికిపోతాయి. స్పార్కు బాగానే ఉందని తేలితే అప్పుడు గ్యాస్ ఫిల్టరు, ఇంజిన్‌లోకి గ్యాస్ చిమ్మే ఇంజెక్టర్ల వైపు వెళ్లండి. బంకు కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిలు అక్కడ జిడ్డులా పేరుకుంటుంది. పెట్రోల్‌లోనే మిస్ అయి గ్యాస్‌లో బాగుంటే పెట్రోల్ ఇంజెక్టర్లు, పంపు చూడాలి. రెండిట్లోనూ మిస్ అయితే ప్లగ్గో కాయిలో పూర్తిగా చచ్చి ఉండాలి, లేదా కంప్రెషన్ (సిలిండర్ లోపల మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) పోయి ఉండాలి. సూపర్ క్యారీ సీఎన్‌జీలో పెట్రోల్ ట్యాంకు 5 లీటర్లదే. చాలామంది దాన్ని ఎండబెట్టి తిప్పుతారు. ఈ పరీక్ష కోసమైనా, ట్యాంకులోని పంపు కాలిపోకుండా ఉండడానికైనా కొంత పెట్రోల్ ఉంచడం మంచిది.

రెండోది, ఏ సిలిండరో పట్టుకోవడం. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ ఉంటే, అందులో పీ0301 కోడ్ అంటే ఒకటో సిలిండరు, పీ0304 అంటే నాలుగోది. పీ0300 వస్తే ఫలానాదని చెప్పలేకపోతోందని అర్థం. చెక్ ఇంజిన్ లైటు ఊరికే వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే మండని ఇంధనం సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని. లోడు దించైనా సరే, బండి ఆపాలి. స్కానర్ లేకపోతే పెట్రోల్‌లో ఐడిలింగ్ పెట్టి పెట్రోల్ ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి, చూసి, మళ్లీ తగిలించండి. ఏది తీసినా ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోవాలి. ఏది తీసినప్పుడు తేడా రాదో అదే చచ్చిన సిలిండరు. ప్లగ్గు వైరు లాగి చూడడం పాత అలవాటు. అది మానేయాలి. షాక్ కొడుతుంది, పైగా మండని పెట్రోల్ అంతా కన్వర్టర్‌లోకే పోతుంది.

మూడో సిలిండరు అని తేలిందనుకుందాం. ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్ ఉన్న ఇంజిన్‌లో మూడో కాయిల్‌ను రెండోదానితో మార్చి, కోడ్ చెరిపేసి, ఒక రౌండ్ తిప్పండి. మిస్సింగ్ రెండో సిలిండరుకు పోతే కాయిలే దోషి. మూడోదాంట్లోనే ఉంటే ప్లగ్గు కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టరు, కంప్రెషన్. రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉన్నచోట లెక్క ఇంకా తేలిక. జతలు 1-4, 2-3గా ఉంటాయి. జతలో రెండూ పోతే కాయిల్, ఒక్కటే పోతే దాని ప్లగ్గో వైరో.

ప్లగ్గు ఊడదీసి హెడ్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టి "స్పార్కు వస్తోందిగా" అనే పరీక్షను నమ్మకండి. బయటి గాలిలో ఎవరైనా దూకుతారు. సిలిండర్ లోపల ఒత్తిడిలో దూకడం వేరు. పైగా ప్లగ్గు రంధ్రంలోంచి ఇంధనం బయటికి కొడుతుంటే పక్కనే నిప్పురవ్వ పెట్టడం ఏం తెలివి?

ఇక ప్లగ్గులు విప్పడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద అల్యూమినియం హెడ్‌లోంచి తిప్పితే మరలు ఊడొస్తాయి. గ్యాస్ సిలిండరు దగ్గరున్న వాల్వు కట్టేసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, సీటు లేపండి. కాయిల్ తీశాక ప్లగ్గు గుంటలోకి టార్చి కొట్టి చూడండి. నీళ్లుంటే కథ సగం తేలినట్టే. సర్వీసింగ్‌లో ప్రెషర్ వాష్ కొట్టించిన మర్నాడే చాలా బళ్లు మిస్ కొట్టేది ఇందుకే. ఆయిలు ఉంటే టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) దగ్గరి సీళ్లు పోయాయి, అవి వేయకుండా కొత్త ప్లగ్గులు వేసి లాభం లేదు. గుంటలో ఇసుక, దుమ్ము ఎయిర్‌తో ఊదేశాకే ప్లగ్గు కదపాలి. లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది.

విప్పిన ప్లగ్గులను వరసగా, ఏది ఏ సిలిండరుదో తెలిసేలా పెట్టండి. గ్యాస్ బండి ప్లగ్గు పెట్రోల్ బండిదానికంటే తెల్లగానే ఉంటుంది, దాన్ని చూసి మిశ్రమం పలచనైందని (గాలి ఎక్కువై ఇంధనం తగ్గిందని) కంగారు పడొద్దు. పింగాణీ మీద బొబ్బలు లేస్తే మాత్రం వేడి ఎక్కువైంది. నల్లగా తడిగా ఉంటే ఆయిలు పైకొస్తోంది. పింగాణీ అడుగున, ఇనుప అంచుకు ఆనుకుని గోధుమరంగు మరక కనిపిస్తే గ్యాస్ లీకని పొరబడతారు, అది మామూలే. వెతకాల్సింది వేరే ఒకటి: తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత. స్పార్కు లోపలికి పోకుండా బయటి నుంచే జారిపోతోందని దానర్థం. ప్లగ్గు మీద తొడిగే రబ్బరు బూట్ లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి పాత బూట్ తొడిగితే మళ్లీ అదే గీత పడుతుంది.

కొత్త ప్లగ్గు నంబరు మాన్యువల్‌లో ఉన్నదే తీసుకోండి. ఎన్‌జీకే, డెన్సోల్లో హీట్ నంబరు పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా హెడ్‌లోకి వదిలేది, బాష్‌లో అందుకు తిరగబడి ఉంటుంది. ఇది తెలియక కంపెనీ మార్చి తప్పు ప్లగ్గు తెచ్చుకుంటారు. గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) కూడా మాన్యువల్ అంకె ప్రకారమే, సందులు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజ్‌తో కొలవాలి. అరిగి గ్యాప్ పెరిగేకొద్దీ కావలసిన వోల్టేజీ పెరుగుతుంది, గ్యాస్ బండిలో అక్కడే దెబ్బ తగిలేది. ఇరిడియం ప్లగ్గైతే సన్నని నడిమి మొనకు ఏదీ తగలనివ్వకండి, విరుగుతుంది.

బిగించేటప్పుడు జానెడు పెట్రోల్ గొట్టం ముక్కను ప్లగ్గు తలకు తొడిగి, వేళ్లతో తిప్పుతూ దించండి. మర అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది, హెడ్ బతుకుతుంది. పానాతో మొదలెడితే ఆ తేడా చేతికి తెలియదు. తర్వాత ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి. అల్యూమినియం హెడ్‌లో వాషరున్న 14 ఎంఎం మర ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం దానికి 15 నుంచి 20. రెంచి లేకపోతే 14 ఎంఎం కొత్త ప్లగ్గును వేళ్లతో ఆనేదాకా బిగించి, పానాతో అర నుంచి మూడింట రెండొంతుల చుట్టు. వాషరు లేని కోను సీటు ప్లగ్గుకు చుట్టులో పదహారో వంతు చాలు. మరలకు గ్రీజు, ఆయిలు రాయొద్దు. జారుడు వల్ల అదే టార్క్‌కు ప్లగ్గు ఎక్కువ బిగుసుకుంటుంది. వదులుగా వదిలేసినా ప్రమాదమే. వేడి హెడ్‌లోకి దిగక ప్లగ్గు మొన కాలిపోతుంది.

కోడ్ చెరిపి, గ్యాస్ మీదే, లోడుతోనే ఎత్తు ఎక్కించి చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇంజిన్ బాగా వేడెక్కాక మాత్రం ఐడిలింగ్‌లో మిస్ వస్తుంటే ఇక ప్లగ్గుల జోలికి పోవద్దు. గ్యాస్ మీద ఇంజిన్ వాల్వుల సీట్లు (వాల్వు మూసుకుని కూర్చునే అంచులు) త్వరగా అరిగి, టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని తోసే భాగానికీ మధ్య ఖాళీ) మూసుకుపోయి, వాల్వు పూర్తిగా కూర్చోదు. టాపెట్లు కొలిపించి, కంప్రెషన్ చూపించండి.