ఫాఫ్సాలో స్కాలర్‌షిప్ గడి: ఏ మొత్తం రాయాలి, ఏది రాయకూడదు

అమెరికాలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో హైదరాబాదుకు వచ్చేసి, ఇక్కడే ఇంటర్ వరకు చదువుకుని, మళ్లీ డిగ్రీకి అక్కడి కాలేజీలో చేరిన పిల్లలు నల్లగండ్ల, తెల్లాపూర్, నిజాంపేట వైపు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. వీరు అమెరికా పౌరులు కాబట్టి అక్కడి ప్రభుత్వ ఆర్థిక సహాయం కోసం ఏటా ఫాఫ్సా దరఖాస్తు నింపుతారు. హైటెక్ సిటీలో అమెరికా పన్ను రిటర్నులు తయారుచేసే ఉద్యోగం నాది కావడంతో, తెలిసిన కుటుంబాలవారు ఆ దరఖాస్తును ముందు పెట్టుకుని నన్ను అడుగుతుంటారు. అందులో ఎక్కువమంది తడబడేది ఒక్క ప్రశ్న దగ్గర: అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్‌కు ఆదాయంగా చూపిన కాలేజీ గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌ల మొత్తం ఎంత? కొందరు అక్కడ సున్నా వేస్తారు, కొందరు వచ్చిన స్కాలర్‌షిప్ మొత్తాన్నీ వేస్తారు. సాధారణంగా ఈ రెండూ తప్పే. పన్ను రిటర్నులో ఆదాయంగా చేరిన భాగాన్ని మాత్రమే అక్కడ రాయాలి.

సున్నా వేయడానికి కారణం మనకు ఇక్కడ అలవాటైన చట్టమేనని నా అభిప్రాయం. మన ఆదాయపు పన్ను చట్టం ప్రకారం చదువు ఖర్చుల కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్‌పై పన్ను లేదు. అందులో హాస్టలుకు ఎంత పోయింది, ఫీజుకు ఎంత పోయింది అని విడదీసి చూసుకునే పని మన తల్లిదండ్రులకు ఎప్పుడూ పడలేదు. అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 117 మాత్రం విడదీస్తుంది. డిగ్రీ కోసం చదువుతున్న విద్యార్థి స్కాలర్‌షిప్‌లో ట్యూషన్‌కు, తప్పనిసరి ఫీజులకు, ఆ కోర్సులో అందరికీ తప్పనిసరి చేసిన పుస్తకాలకు, పరికరాలకు ఖర్చయిన భాగంపైనే పన్ను ఉండదు. గదికి, భోజనానికి, ప్రయాణానికి పోయిన డబ్బు ఆ విద్యార్థికి ఆదాయం. ఆ డబ్బు చేతికి రాకుండా కాలేజీ ఖాతాలోనే హాస్టల్ బిల్లుకు జమ అయిపోతుంది కాబట్టి, అది ఆదాయమన్న ఆలోచనే ఇంట్లో ఎవరికీ రాదు.

ఇటీవల ఒక ఇంట్లో జరిగిన లెక్కనే చెబుతాను. అంకెలను మాత్రం సులువుగా ఉండేలా మార్చాను. డైనింగ్ టేబుల్ మీద తండ్రి లాప్‌టాప్‌లో ఏడాది ఫీజులు, స్కాలర్‌షిప్‌లు చూపుతూ కాలేజీ పంపిన 1098-టీ పత్రం తెరిచి ఉంది, కూతురు వాట్సాప్ వీడియోలో ఉంది. "స్కాలర్‌షిప్‌కు ట్యాక్స్ ఏమిటండీ, అది ఫీజుకే కదా ఇచ్చారు?" అని తండ్రి. "అంకుల్, ఐదో గడిలో 42 వేలు అని ఉంది, అదే వేసేయనా?" అని అమ్మాయి. 2024 క్యాలెండర్ సంవత్సరానికి ఆమెకు వచ్చిన స్కాలర్‌షిప్ 42,000 డాలర్లు. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు 30,000. రసీదులున్న పుస్తకాలు, లాబ్ సామగ్రి 1,200. మిగిలిన 10,800 డాలర్లు గది అద్దెకు, మెస్సుకు సర్దుబాటయ్యాయి. ఆమె రిటర్నులో ఆదాయంగా చూపవలసింది ఈ 10,800 మాత్రమే. యజమాని ఇచ్చే జీతం పత్రమైన డబ్ల్యూ-2లో చేరని ఇలాంటి స్కాలర్‌షిప్ ఆదాయం 2022 రిటర్నుల నుంచి పన్ను రిటర్ను ఫారమైన 1040కి జతచేసే షెడ్యూల్ 1లో 8ఆర్ వరుసలో కనిపిస్తుంది. లైబ్రరీలో పనిచేసి సంపాదించిన 5,200 డాలర్ల జీతంతో కలిపితే ఆమె ఏజీఐ, అంటే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం, 16,000 అయింది. 2024కు స్టాండర్డ్ డిడక్షన్ 14,600 కాబట్టి పన్ను వేయదగిన ఆదాయంగా మిగిలింది 1,400 మాత్రమే.

పన్ను ఇంత స్వల్పమైనప్పుడు ఫాఫ్సాలో ఆ గడి గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, అసలు నష్టం జరిగేది అక్కడే. స్కాలర్‌షిప్ తెచ్చుకున్న విద్యార్థికి ఆ కారణంగానే మరుసటి సహాయం తగ్గకూడదన్న ఉద్దేశంతో, ఫాఫ్సా లెక్కలో ఈ పన్ను పడే స్కాలర్‌షిప్ మొత్తాన్ని విద్యార్థి ఆదాయం నుంచి తీసివేస్తారు. అయితే గడిలో రాస్తేనే తీసివేస్తారు. విద్యార్థి ఆదాయంలో నిర్ణీత పరిమితి వరకు మినహాయింపు ఇచ్చి, పన్నులు పోగా ఆపై మిగిలిన ప్రతి డాలరులో సగాన్ని కుటుంబం భరించగల మొత్తంగా స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్‌లో చేరుస్తారు. ఈ అమ్మాయి జీతం 5,200 ఆ పరిమితికి చాలా లోపలే ఉంది. గడిలో సున్నా వేసి ఉంటే మాత్రం ఆమె ఆదాయం 16,000గా నిలిచి పరిమితి దాటేది. ఇండెక్స్ పదిహేను వందల డాలర్లకు పైగా పెరిగేది. అవసరాన్ని బట్టి ఇచ్చే గ్రాంట్లకు ఆ ఇండెక్సే ఆధారం.

పోనీ 42,000 రాస్తే? మొత్తం ఆదాయమే 16,000 ఉన్న రిటర్నులోంచి 42,000 తీసివేయమని అడిగినట్లవుతుంది. ఏజీఐలో చేరని డబ్బును అందులోంచి తీసివేయడం కుదరదు. ఇలా పొంతన లేని సమాచారం కనబడితే దాన్ని తేల్చే బాధ్యత కాలేజీ ఆర్థిక సహాయ విభాగానిది. అది తేలేదాకా సహాయం ఆగిపోవచ్చు.

2024-25 నుంచి ఫాఫ్సాలో వచ్చిన మార్పు ఈ పొరపాటుకు మరింత ఆస్కారం ఇచ్చింది. విద్యార్థి, తల్లిదండ్రులు సమ్మతి ఇస్తే ఏజీఐ వంటి పన్ను వివరాలు ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా దరఖాస్తులోకి చేరిపోతాయి, కానీ ఆ అంకెలు నింపేవారి తెర మీద కనిపించవు. అన్నీ వాటంతటవే వచ్చేశాయి కదా అనుకుంటారు. స్కాలర్‌షిప్ గడి మాత్రం అలా నిండదు, మనమే నింపాలి. అందుకే ఫాఫ్సా తెరిచే ముందు సంబంధిత సంవత్సరపు 1040ను, షెడ్యూల్ 1ను పక్కన పెట్టుకోమని నేను ప్రతి ఒక్కరికీ పట్టుబట్టి చెబుతాను. ఏ సంవత్సరం అన్నది కూడా ముఖ్యమే: 2026-27 దరఖాస్తుకు చూసేది 2024 రిటర్ను. గత నెలలో వచ్చిన స్కాలర్‌షిప్ ఉత్తరంతో ఈ గడికి ఏ సంబంధమూ లేదు.

1098-టీ విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. అందులో మొదటి గడి కాలేజీకి అందిన ట్యూషన్ చెల్లింపులు, ఐదో గడి స్కాలర్‌షిప్‌లు. ఐదులోంచి ఒకటి తీసేస్తే పన్ను పడే మొత్తం వచ్చేస్తుందని చాలామంది నమ్ముతారు. ఆ పత్రం నడిచేది క్యాలెండర్ సంవత్సరం ప్రకారం, కాలేజీ నడిచేది ఆగస్టు నుంచి మే వరకు. వసంతకాలపు సెమిస్టర్ ఫీజును డిసెంబరులోనే కట్టి, దానికి సంబంధించిన స్కాలర్‌షిప్ జనవరిలో జమ అయితే, ఫీజు ఒక ఏడాది పత్రంలో, స్కాలర్‌షిప్ మరుసటి ఏడాది పత్రంలో పడతాయి. ఇలాంటప్పుడు పత్రం ఒక్కటే చూసి లెక్క కట్టకుండా, కాలేజీ పోర్టల్ నుంచి విద్యార్థి ఖాతా స్టేట్‌మెంట్ దించుకుని, ఏ తేదీన ఏది జమ అయింది, ఏ సెమిస్టర్‌కు అయింది అన్నది వరుసగా చూసుకోవాలి. బయట కొన్న పుస్తకాల ఖర్చు చాలాసార్లు ఆ పత్రంలోకే రాదు. రసీదులు దాచుకోని పిల్లలు ఆ మేరకు అనవసరంగా ఆదాయం ఎక్కువ చూపుకుంటున్నారు.

అమెరికాలో పన్ను కట్టే తల్లిదండ్రులు కొందరు కాలేజీ ఖర్చుపై పన్ను తగ్గించే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కోసం తెలిసే స్కాలర్‌షిప్‌లో కొంత భాగాన్ని ఆదాయంగా చూపిస్తారు. స్కాలర్‌షిప్ షరతులు ఒప్పుకుంటే 4,000 డాలర్ల వరకు దాన్ని ట్యూషన్‌కు కాక హాస్టల్‌కు వాడినట్లు లెక్క వేసి, ఆ 4,000 ట్యూషన్‌ను తాము కట్టినట్లు చూపి 2,500 డాలర్ల వరకు క్రెడిట్ పొందడం చట్టబద్ధమే. ఆ 4,000 పిల్లల రిటర్నులో ఆదాయంగా చేరుతుంది కాబట్టి, అప్పుడు ఫాఫ్సా గడిలోనూ అది చేరాలి. ఇరవై నాలుగేళ్ల లోపు విద్యార్థులకు ఈ రకమైన ఆదాయంపై తల్లిదండ్రుల రేటుతో పన్ను పడే సందర్భాలున్నాయి, అది చూసుకున్నాకే ఈ దారి ఎంచుకోవడం మంచిది.

ఫాఫ్సాలో తల్లిదండ్రుల విభాగంలోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. అది తల్లి లేదా తండ్రి స్వయంగా చదువుకుంటూ పొందిన స్కాలర్‌షిప్ గురించి. పిల్లల మొత్తాన్ని అక్కడ రాయకూడదు. తండ్రి జీతం హైదరాబాదులో రూపాయల్లో వస్తుంటే దాన్ని డాలర్లలోకి మార్చి చూపాలి గాని, దానికీ ఈ గడికీ సంబంధం లేదు. ఇక ఎఫ్-1 వీసాపై ఎంఎస్‌కు వెళ్లిన పిల్లలకు ఫాఫ్సా అర్హతే లేదు. వారి పన్ను పడే స్కాలర్‌షిప్ 1042-ఎస్ పత్రంలో వస్తుంది, సాధారణంగా 14 శాతం ముందే కోత పడుతుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులు విదేశీయులు వేసే 1040-ఎన్ఆర్ రిటర్నులో స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోగలుగుతారు కాబట్టి, ఆ కోతలో చాలావరకు తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇప్పటికే సున్నా వేసి పంపినవారు స్టూడెంట్‌ఎయిడ్ వెబ్‌సైటులో లాగిన్ అయి ఆ ఒక్క గడినీ సవరించి, మళ్లీ సంతకం చేసి పంపవచ్చు. 2026-27 దరఖాస్తుకు ప్రభుత్వం పెట్టిన గడువు 2027 జూన్ 30 అయినా, కాలేజీలు తమ సొంత గ్రాంట్లను పంచేసేది అంతకు ఎన్నో నెలల ముందే. సవరణ పంపిన రోజునే 8ఆర్ వరుస కనిపించే షెడ్యూల్ 1 ప్రతిని, స్కాలర్‌షిప్‌లో ఏ భాగం దేనికి పోయిందో చూపే ఒక పేజీ లెక్కను ఆర్థిక సహాయ విభాగానికి అమ్మాయి లేదా అబ్బాయి తన కాలేజీ మెయిల్ నుంచే పంపాలి. విద్యార్థి అనుమతి లేకుండా తండ్రితో సాధారణంగా ఆ వివరాలు మాట్లాడటానికి కాలేజీలు ఒప్పుకోవు.